పచ్చడికి ముందు రెండు కాయలు



సంక్రాంతికి అటూ ఇటూగా గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు బజార్లలో పండు మిరపకాయలు రాసులు పోసి అమ్ముతారు. మన ఇళ్ళల్లో కొరివికారం హడావుడి మొదలయ్యేది అప్పుడే. కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, తొడిమలు తీసి, ఉప్పూ చింతపండూ చేర్చి తొక్కి జాడీకి ఎత్తుతాం. ఆ బుట్టెడు కాయల్లోంచి, రోటి దగ్గర కూర్చునే ముందే, మంచివి రెండు కాయలు పక్కన పెట్టమని చెప్పటానికే ఈనాటి ప్రసంగం. కాయకి అరవై గింజలనుకున్నా రెండు కాయలకి నూట ఇరవై. అందులో సగం మొలిచినా మీ మేడమీద కుండీలకీ, ఇరుగు పొరుగు నాలుగిళ్ళకీ సరిపడా నారు తయారవుతుంది.

"ఇదేం పెద్ద విద్యా? కాయ చీల్చి గింజలు మట్టిలో చల్లితే సరిపోదూ?" అంటారేమో. చాలామంది అలాగే చల్లుతారు. నాలుగు రోజులు నీళ్ళు పోస్తారు. అయిదో రోజు మట్టి కెలికి చూస్తారు. ఆరో రోజు "నా చేతివాసి మంచిది కాదు" అనుకుని, ఆ కుండీలోనే ధనియాలు నలిపి చల్లేస్తారు. చేతివాసి మాట అలా వుంచండి. మిరపగింజకి కొన్ని నియమాలున్నాయి. కాయ బాగా పండాలి, గింజకి కాస్త విశ్రాంతి కావాలి, వెచ్చదనం కావాలి, పైన మనకి ఓపిక వుండాలి. ఈ నాలుగూ కుదిరితే మొలకలు వాటంతటవే వస్తాయి.

మొదట కాయ సంగతి చూద్దాం. కూరకి తెచ్చుకునే పచ్చిమిరపకాయలో గింజ ఇంకా లేతది, లోపలి సత్తువ పూర్తిగా నిండి వుండదు. అది మొలిచినా ఒకటీ అరా మొలుస్తుంది, మొలక కూడా బలహీనంగా వుంటుంది. చెట్టునే ఎర్రగా పండి, తోలు మీద కొద్దిగా ముడత పడుతున్న కాయలో గింజ ముదురుతుంది. కాబట్టి నిండుగా పండిన కాయనే ఎంచుకోండి. ఇంటికి తెచ్చాక కూడా వెంటనే చీల్చకుండా వారం రోజులు నీడలో వుంచండి. ఇంకొక్క జాగ్రత్త. నల్లమచ్చ గానీ, గుండ్రంగా లోతుపడిన మచ్చ గానీ వున్న కాయ ఎంత పెద్దదైనా విత్తనానికి పనికిరాదు. అది కాయకుళ్ళు తెగులు గుర్తు. ఆ తెగులు గింజని అంటిపెట్టుకుని మరుసటి ఏటి మొక్కకి కూడా వస్తుంది.

ఇక కాయ చీల్చటం. మిరపకాయ కారమంతా గింజలోనే వుందని మనలో ఎందరికో గట్టి నమ్మకం. నిజానికి కారం తయారయ్యేది గింజల్ని పట్టి వుంచే ఆ తెల్లటి పొరలో. గింజకి అంటుకునే వుంటుంది కాబట్టి దాని పైన కూడా కారం పూసుకుంటుంది, అంతే. అంచేత గింజలు తీసేటప్పుడు ముందుగా వేళ్ళకి కాస్త నూనె రాసుకోండి. కారం నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. పని అయ్యాక నూనె తుడిచేసి సబ్బుతో కడుక్కుంటే చేతులు మండవు. చంటిపిల్లల తల్లులు ఈ పని మరొకరికి అప్పచెప్పటం మంచిది.

మొక్క ఇంత కారం ఎందుకు దాచుకుంటుందంటారా? దాని వెనుక ఒక తమాషా వుంది. జంతువులు కాయ నమిలితే పళ్ళకింద గింజ నలిగిపోతుంది. పక్షులు నమలవు, మింగుతాయి. గింజ చెక్కుచెదరకుండా రెట్టతో బయటికి వచ్చి, ఎక్కడో దూరాన మొలుస్తుంది. పక్షులకి మిరప కారం తెలియదు, జంతువులకి తెలుస్తుంది. అమెరికాలో అరిజోనా రాష్ట్రపు అడవిమిరపని పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2001లో ఈ సంగతి ప్రకటించారు. మన చిలకలు పండు మిరపకాయల్ని అంత ఇష్టంగా కొరకటంలో ఆశ్చర్యమేం లేదన్నమాట.

మిరప పుట్టిల్లు కూడా ఆ అమెరికా ఖండపు వెచ్చటి ప్రాంతాలే. పోర్చుగీసువారి ఓడల్లో పదహారో శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. అంతకు పూర్వం మన వంటల్లో ఘాటంటే మిరియాలదే. వెచ్చటి దేశపు మొక్క కాబట్టి దాని గింజకి చలి పడదు. మట్టి వేడి 25 నుంచి 30 డిగ్రీల దాకా వుంటే హాయిగా మొలుస్తుంది. 15 డిగ్రీలకి దిగితే దాదాపు కదలనే కదలదు. మన ప్రాంతంలో అంత చలి లేకపోయినా, జనవరి రాత్రుల్లో మేడమీద కుండీ మట్టి చల్లబడి, మొలక ఆలస్యమవుతుంది. ఆరో రోజున నిరాశ పడేవాళ్ళు చాలావరకు ఈ చలి దినాల్లో చల్లినవాళ్ళే.

మరి అసలు ప్రశ్నకి వద్దాం. కాయలోంచి అప్పుడే తీసిన పచ్చిగింజ మొలుస్తుందా? మొలుస్తుంది. కానీ అన్నీ ఒక్కసారి మొలవవు. కాయలో అంత తడి వున్నా గింజ అక్కడే మొలకెత్తకుండా ప్రకృతి దాన్ని నిద్రపుచ్చి వుంచుతుంది. తల్లి కడుపులోనే బిడ్డ నడవటం మొదలుపెడితే కష్టం కదూ! కాయలోంచి తీసిన వెంటనే ఆ నిద్ర పూర్తిగా వదలదు. కొన్ని రకాల్లో అది వదలటానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే తాజాగింజ వేస్తే ఒకటి పదో రోజున, మరొకటి ఇరవయ్యో రోజున వస్తాయి. ఆరబెట్టి నెలా రెండు నెలలు దాచిన గింజ అయితే ఇంచుమించు ఒక్కసారిగా లేస్తుంది.

ఇంకో కారణం కూడా వుంది. జనవరిలో వేసిన గింజ మొక్కై, పూతకి వచ్చేసరికి ఏప్రిల్, మే నెలలు వస్తాయి. మన ఎండలు తెలిసినవే కదా. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే మిరప పూత నిలవదు, రాలిపోతుంది. మన ప్రాంతపు రైతు జులై, ఆగస్టు నెలల్లో నారు పోసి, ఆరు వారాలకి ఆ నారు తీసి నాటేది అందుకే. పూతా పిందే చల్లటి రోజుల్లో వస్తాయి, సంక్రాంతి నాటికి కాయ పండుతుంది. పండిన కాయకీ మళ్ళీ నారు పోయటానికీ మధ్య ఆరు నెలలు ఎడం వుంది చూశారా? గింజకి కావలసిన విశ్రాంతి ఆ ఎడంలోనే దొరుకుతుంది. మనం కూడా ఆ పద్ధతే పాటిస్తే సరిపోతుంది. సంక్రాంతికి గింజ తీయండి, తొలకరి కుదురుకున్నాక కుండీలో వేయండి.

తీసిన గింజల్ని కడగనక్కర్లేదు. పాత న్యూస్‌పేపరు మీద పలచగా పరిచి, గాలి ఆడే నీడలో వారం రోజులు ఆరనివ్వండి. మండుటెండలో, స్టీలు పళ్ళెంలో మాత్రం ఎండబెట్టవద్దు. పళ్ళెం కాలితే గింజ చచ్చిపోతుంది. ఒక గింజని గోళ్ళ మధ్య వంచి చూడండి. వంగితే ఇంకా తడి వుందని, పుటుక్కున విరిగితే ఆరిందని అర్థం. ఆరిన గింజల్ని కాగితపు పొట్లం కట్టి, ఆ పొట్లాన్ని మూత గట్టిగా బిగిసే చిన్న సీసాలో పెట్టండి. సీసా అడుగున రెండు చెంచాల వేయించి చల్లార్చిన బియ్యం పోస్తే తేమ పీల్చుకుంటుంది. పూర్వం ఇళ్ళల్లో విత్తనాలకి బూడిద కలిపి సొరబుర్రల్లో దాచటంలోని కిటుకు కూడా ఇదే. పొట్లం మీద రకం పేరు, గింజ తీసిన తేదీ రాయటం మరచిపోకండి. ఇలా దాచిన గింజ ఏడాది దాకా నిక్షేపంగా పనికివస్తుంది, రెండో ఏట మొలక శాతం తగ్గుతుంది.

నాటే ముందు ఒక పరీక్ష చేద్దాం. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. ఇరవై గింజలు లెక్కపెట్టి తీసుకోండి. పాత నూలుగుడ్డ ముక్కని తడిపి, నీళ్ళు కారకుండా పిండి, దాని మీద గింజల్ని ఎడంగా పేర్చి, చుట్ట చుట్టి ఒక డబ్బాలో పెట్టండి. మూత వదులుగా వుంచాలి, గింజకి గాలి కావాలి కదా. వంటింట్లో వెచ్చగా వుండే గూట్లో ఆ డబ్బా పెట్టి, గుడ్డ ఆరిపోకుండా రోజూ చూసుకోండి. ఏడో రోజున మొలకెత్తినవాటిని లెక్కపెట్టండి, పద్నాలుగో రోజున మళ్ళీ లెక్కపెట్టండి. విత్తన పరీక్షా కేంద్రాల్లో కూడా మిరపకి ఇదే గడువు. 14వ రోజు దాకా చూసిగానీ లెక్క తేల్చరు. మన దేశపు విత్తన ధ్రువీకరణ నియమాల ప్రకారం వరి అయితే నూటికి 80 గింజలు మొలవాలి, మిరపకి మాత్రం 60 మొలిస్తే చాలు. మిరప ఎంత పెంకిదో దీన్నిబట్టే తెలుస్తుంది. మీ ఇరవైలో పన్నెండు మొలిస్తే మీ గింజ ఆ పరీక్ష నెగ్గినట్టే.

"కుండీలో నాలుగు మొక్కలకి ఇంత తతంగమా?" అనుకోకండి. మీలో ఎందరికో పుట్టింటివైపో, అత్తింటివైపో మిరప సాగుచేసే కుటుంబాలు వుండే వుంటాయి. వాళ్ళకి ఈ పరీక్ష చాలా అవసరం. ఎకరం మిరప తోటకి సెంటు నేలలో నారుమడి పోస్తే మామూలు రకం గింజ 650 గ్రాములు కావాలి. నల్లరేగడిలో నారు పోయకుండా నేరుగా విత్తేవారికైతే ఎకరానికి రెండున్నర కిలోలు పడుతుంది. ఆ గింజ మొలవకపోతే రెండు వారాలు పోయాకగానీ తెలియదు. అప్పటికి అదను దాటిపోతూ వుంటుంది. మళ్ళీ గింజ కొనాలి, మళ్ళీ మడి కట్టాలి. కౌలు మాత్రం తగ్గదు, అప్పు మీద వడ్డీ ఆగదు.

ఈ నేలల్లో సేద్యం ఎంత జూదమో చెప్పటానికి రెండు సంగతులు చాలు. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలను తెల్లదోమ నాశనం చేస్తే, అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు. 2021-22లో కొత్తరకం తామరపురుగు మిరప పూవుల్లో చేరి, తోటలకి తోటలే పీకేసుకునే గతి పట్టించింది. ఆ రెండు ఏళ్ళూ తప్పు గింజది కాదు. పురుగు ఎప్పుడు వస్తుందో, వాన ఎప్పుడు మొహం చాటేస్తుందో ఎవరమూ చెప్పలేం. గింజ మొలుస్తుందో లేదో మాత్రం రెండు వారాల ముందే, తడిగుడ్డ మీద, ఇంట్లోనే తేల్చుకోవచ్చు. అన్ని తెలియనివాటి మధ్య తెలుసుకోదగ్గది ఈ ఒక్కటి. దాన్ని ఎందుకు వదులుకోవాలి?

కంపెనీ సంకర విత్తనం కొన్నా సరే, పరీక్ష చెయ్యమనండి. పది గ్రాముల పొట్లంలో సుమారు పదిహేను వందల గింజలుంటాయి. ఇరవై తీస్తే లోటేం కాదు. అయితే ఆ గింజలకి రంగు పూత వుంటుంది. అది విషపు మందు. వాటిని ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి. వంటగిన్నెలు వాడకూడదు. పోపులపెట్టె దరిదాపులకి కూడా రానివ్వకూడదు. ఈ పరీక్ష వసారాలో, పారేసే డబ్బాలో చెయ్యాలి. బిల్లు, ఖాళీ పొట్లం, దాని మీది లాట్ నంబరు చీటీ, పిడికెడు కాకపోయినా చిటికెడు గింజలు పంట ఇంటికి వచ్చేదాకా దాచమనండి. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేననీ, నాసిరకం విత్తనం వల్ల నష్టపోతే వినియోగదారుల ఫోరానికి వెళ్ళవచ్చుననీ సుప్రీంకోర్టు 2012లో తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చింది కూడా మన ఆంధ్రప్రదేశ్ రైతుల కేసుల్లోనే. కాగితం లేకపోతే హక్కు వున్నా చేతికి అందదు. బీరువాలో కాగితాలు భద్రం చెయ్యటంలో ఆడవాళ్ళని మించినవాళ్ళు లేరు కదా!

సంకర విత్తనం మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క సందేహం తీర్చుకుందాం. బజారులో కొన్న కాయ సంకరరకం మొక్కది కావచ్చు. దాని గింజ మొలవదని కొందరంటారు. అది నిజం కాదు, శుభ్రంగా మొలుస్తుంది. కాకపోతే పిల్లమొక్కలన్నీ ఒక్క తీరుగా వుండవు. ఒకే తల్లి బిడ్డల్లో ఒకరికి తల్లి పోలిక, ఒకరికి తండ్రి పోలిక, ఒకరికి తాత ముక్కూ వచ్చినట్టు, ఒక మొక్కకి పొడుగు కాయ, ఒకదానికి పొట్టి కాయ, ఒకదానికి కారం ఎక్కువ, ఒకదానికి తక్కువ. కుండీలో అయితే అదీ ఒక సరదాయే. ఎకరాలు వేసేవారికి మాత్రం అది నష్టం. గుంటూరు యార్డులో కాయలన్నీ ఒక్క తీరుగా వుంటేనే ధర పలుకుతుంది. గుంటూరు దగ్గర లాం పరిశోధనా స్థానం నుంచి వచ్చిన జి-4, ఎల్‌.సి.ఎ. 334 లాంటివి సంకరాలు కావు, సూటిరకాలు. వాటి గింజ దాచుకుంటే పిల్లలు తల్లిని పోలే వస్తాయి. బజ్జీ మిరప పక్కనే కారపు మిరప వుంటే తేనెటీగల వల్ల పుప్పొడి కలుస్తుంది. అందువల్ల ఈ ఏటి బజ్జీ కాయలో కారం మారదు, దాని గింజ వేసిన మరుసటి ఏడు మారవచ్చు. గింజకోసం వుంచుకునే మొక్కని విడిగా వుంచాలనేది అందుకే.

సరే, తొలకరి కుదురుకుంది, జులై వచ్చింది. వట్టి నల్లరేగడి కుండీకి పనికిరాదు. తడిస్తే బంకబంకగా అయి, ఆరితే నెర్రెలిస్తుంది. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలపండి. కుండీ అడుగున నీళ్ళు పోయే చిల్లి వుండాలి. గింజల్ని అంగుళం ఎడంతో, అర సెంటీమీటరు లోతున వేసి, పైన మెత్తటి మట్టి చల్లండి. లోతు ఎక్కువైతే మొలక పైకి రాలేదు. పైన నాలుగు ఎండుగడ్డి పోచలు కప్పి, చేత్తో నీళ్ళు చిలకరించండి. చెంబుతో గుమ్మరిస్తే గింజలన్నీ ఓ మూలకి కొట్టుకుపోతాయి.

వారం, పది రోజులకి మొలక మెడ వంచుకుని మట్టిని తోసుకు వస్తుంది. ఆ రోజే గడ్డి తీసెయ్యండి, లేకపోతే మొలకలు వెలుగు కోసం సన్నగా సాగిపోతాయి. కొన్ని మొలకల నెత్తిమీద గింజపెంకు టోపీలాగా వుండిపోతుంది. దాన్ని లాగకండి, ఆకులు తెగుతాయి. నీటిబొట్టు వేస్తే మెత్తబడి తానే జారిపోతుంది.

ఇప్పుడే అసలైన గండం. నిన్న సాయంత్రం నిటారుగా వున్న నారు ఈ పొద్దున మొదట్లో మెత్తబడి పడిపోయి కనిపిస్తుంది. ఇది నారుకుళ్ళు తెగులు. ఎక్కువ నీళ్ళు, ఒత్తు నారు దీనికి కారణం. మొలకలు వచ్చాక పైమట్టి కొద్దిగా ఆరితేనే నీళ్ళు చిలకరించాలి, అదీ పొద్దుటిపూట. తెగులు కనిపిస్తే లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడపాలి. నీళ్ళ దగ్గర చెయ్యి బిగించితే చాలాసార్లు ఆ అవసరమే రాదు.

ఆరు వారాలకి నారు జానెడు ఎత్తు అవుతుంది. సాయంత్రం చల్లబడ్డాక, కుండీకి ఒకటి చొప్పున నాటండి. నెలన్నర, రెండు నెలల్లో పూత మొదలవుతుంది. ఆకులు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెండింటికీ మొదట్లోనే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, చుక్క సబ్బునీళ్ళు కలిపి ఆకుల అడుగున తడిసేలా కొట్టండి.

ఆఖరుగా ఒక చిన్న మాట. మొదటి కాయలు చూడగానే అన్నీ కోసెయ్యాలనిపిస్తుంది. నిగనిగలాడుతూ, ముడత లేకుండా ఎదిగిన మొక్క ఒకటి చూసి, దానికి దారం కట్టి గుర్తుపెట్టుకోండి. దాని రెండో కాపు కాయలు మూడు చెట్టునే పండనివ్వండి. బజారు కాయకి తల్లి ఎవరో మనకి తెలియదు. వచ్చే ఏటి గింజకి తల్లి ఎవరో, దానికి ఏ తెగులు వచ్చిందో రాలేదో మీకు తెలుస్తుంది. ఆ మూడు కాయలూ ఎవరు అడిగినా కోయవద్దని ఇంట్లో పిల్లలకి ముందే చెప్పివుంచండి.